వాంగ్మూలం మాష్టారు ఊరుకున్న రోజు

యూనివర్సిటీ లా కాలేజీకి డీన్ లేక మూడేళ్ళయింది. లేక అంటే బొత్తిగా లేక కాదు, ఇన్‌చార్జి ఒకాయన ఉన్నారు. ఒప్పందాల చట్టం చెప్పే మాష్టారు. పాత డీన్ రిటైరైన సాయంత్రం వైస్ ఛాన్సలర్ పిలిచి, "కొత్తవాళ్ళు వచ్చేదాకా కాస్త చూస్తూండండి, ఎంత, రెండు నెలల పని" అన్నారు. పెద్దవాళ్ళు అడిగితే కాదనడం చేతకాని మనిషి, సరేనన్నారు. అలా నెత్తికెత్తిన మూట ఇంతవరకూ దించినవాడు లేడు.

ఆయనకు పిల్లలు పెట్టిన పేరు వాంగ్మూలం మాష్టారు. కోర్టు బోనెక్కిన సాక్షిలా, ఏ సంగతి అడిగినా మొదటినుంచీ చివరిదాకా ఉన్నది ఉన్నట్టు చెప్పేస్తారు. "పరీక్ష పేపరు ఎలా ఉంటుంది సార్?" అని అడిగిన కుర్రాడితో, "కష్టంగానే ఇచ్చానయ్యా, నాలుగో ప్రశ్నకి నాకే జవాబు సరిగ్గా రాదు" అన్నారు ఒకసారి. కొంతమందికి నిజం చెప్పడం గొప్ప. ఈయనకది గొప్ప కాదు, గుణమూ కాదు. నోరు తెరిస్తే వేరేది రాదు, అంతే. వచ్చి ఉంటే ఈపాటికి ఆ కుర్చీలోంచి లేచి ఇంట్లో ఉండేవారు.

ఎందుకంటే, డీన్ పదవికి మనిషిని వెతకడంలో ఒక ఆనవాయితీ ఉంది. ఇన్‌చార్జి డీన్ సెర్చ్ కమిటీలో ఉండకూడదు. అభ్యర్థి వచ్చిన రోజు ఇంటర్వ్యూ గది ఛాయలకు కూడా పోకూడదు. అందరూ పెళ్ళిచూపుల్లా నవ్వుతూ కూర్చుంటారు, టీలు తాగుతారు, "మాది ఒక కుటుంబం అండీ" అంటారు. ఆ వచ్చినవాళ్ళేమైనా అమాయకులా? అంతా అయ్యాక, "ఇన్‌చార్జి గారితో రెండు నిమిషాలు మాట్లాడి వెళ్తాను" అంటారు. అక్కడే కొంప మునుగుతుంది.

మొదట వచ్చినాయన, "లైబ్రరీ బావుంటుందటగా?" అని అడిగారు. పై అంతస్తు కురుస్తుందనీ, వాన పట్టినప్పుడల్లా పుస్తకాలు కింది వరండాలోకి మోసుకొస్తామనీ, మరమ్మతుకని ఇచ్చిన డబ్బు ఆటస్థలం గోడకి పోయిందనీ మాష్టారు చెప్పారు. మర్నాడు పొద్దున్నే ఆయన తప్పుకున్నారు. రెండో ఆయన, "ఇక్కడివాళ్ళంతా కలిసిమెలిసి ఉంటారా?" అన్నారు. మూలగది ఎవరిదన్న గొడవ మీద పదకొండేళ్ళుగా మాటల్లేని ఇద్దరి కథ మాష్టారు పూసగుచ్చినట్టు వినిపించారు. ఆ పెద్దమనిషికి హఠాత్తుగా ఆరోగ్యం పాడైంది. ఆ తర్వాత కాలేజీలో అందరూ ఈయన్ని చూసే చూపే మారిపోయింది.

మూడో అభ్యర్థి ఒకావిడ. వేరే ఊళ్ళో పెద్ద లా కాలేజీలో ప్రొఫెసర్. వైస్ ఛాన్సలర్ ముందురోజే మాష్టార్ని పిలిచారు.

"చూడండి, ఇదే ఆఖరు. ఈవిడ కూడా పోతే మళ్ళీ రెండేళ్ళదాకా ప్రకటన ఇవ్వను. మీరే ఉంటారు."

"నేను ఉండలేనండీ. ఇంట్లో పరిస్థితి మీకు తెలుసు."

"తెలుసు కాబట్టే చెప్తున్నా. వెయ్యి అబద్ధాలాడైనా ఒక పెళ్ళి చెయ్యమన్నారు. మిమ్మల్ని ఒక్క అబద్ధం కూడా ఆడమనడం లేదు, నోరు మూసుకోమంటున్నాను. అది కూడా కష్టమేనా?"

ఇంట్లో పరిస్థితి ఏమిటంటే, ఆయన భార్యకి మూత్రపిండాలు రెండూ పనిచెయ్యడం లేదు. రోజు విడిచి రోజు మధ్యాహ్నం ఆస్పత్రికి వెళ్ళి డయాలసిస్ యంత్రం పక్కన పడుకోవాలి. ఒంట్లో రక్తమంతా ఆ యంత్రంలోకి వెళ్ళి, శుభ్రపడి, మళ్ళీ ఒంట్లోకి రావాలి. మాష్టారు ఆవిణ్ణి దింపి ఒక పావుగంట కూర్చుంటారు, ఈలోగా కాలేజీనుంచి ఫోన్ వస్తుంది, లేచి పరిగెడతారు. మిగతా పొద్దంతా కాపలా మరదలిది. ఆవిడకీ ఒక ఇల్లుంది, ఉద్యోగం చేసే మొగుడున్నాడు, బడికెళ్ళే పిల్లలున్నారు. ఎన్నాళ్ళని చేస్తుంది? కుర్చీ వదిలించుకుని ఆ మంచం పక్కన కూర్చోవాలన్నదొక్కటే ఇప్పుడు మాష్టారి కోరిక. ఆ ఆలోచనతోనే నిద్ర లేస్తారు, ఆ ఆలోచనతోనే అన్నం సగంలో లేస్తారు.

పోనీ ఊరుకుందామంటే, ఊరుకోనివ్వని సంగతొకటి కడుపులో ఉంది. ఆ నెలలోనే కాలేజీలోని పెద్ద మాష్టార్లు ముగ్గురు, ఒకరి తర్వాత ఒకరు, తలుపు దగ్గరగా వేసి ఆయన ముందు కూర్చున్నారు. రాజ్యాంగం చెప్పే ఆయన, నేరాల చట్టం చెప్పే ఆవిడ, భూముల చట్టం చెప్పే ఇంకో ఆయన. కొత్తగా పెట్టిన ప్రైవేటు కాలేజీ ఒకటి పిలిచిందట. ఈ ఏడాది పాఠాలవగానే వెళ్ళిపోతున్నారు. ఇన్‌చార్జి కాబట్టి ఆయనకు చెప్పక తప్పదు, ఇంకెవరికీ చెప్పొద్దని మాట తీసుకున్నారు. తామొక్కరే వెళ్తున్నామని ఎవరికి వారు అనుకుంటున్నారు. ముగ్గురూ అని తెలిసింది మాష్టారికొక్కరికే. ముగ్గురూ పోతే తనిఖీకి వచ్చేవాళ్ళు మొదటి ఏడాదిలో పిల్లల్ని చేర్చుకోనివ్వరు. అప్పుడు కొత్త డీన్‌కి మిగిలేది గేటు మీద బోర్డు.

ఈ సంగతి ఆయన భార్యకి మాత్రం చెప్పారు. ఆవిడ విని, "నోట్లో నువ్వుగింజ నానని మీకు ఇంతేసి గుమ్మడికాయ అప్పజెప్పారా, వాళ్ళ తెలివి సంతకెళ్ళా!" అని నవ్వింది. అభ్యర్థి వచ్చే రోజు పొద్దున మాత్రం నవ్వలేదు. చొక్కా బొత్తాం ఒకటి తప్పి ఇంకోదానికి పెట్టుకున్న మొగుణ్ణి చూసి, "ఇవాళొక్కరోజు ఎవరి కంటా పడకండి. మాట్లాడే అవసరమే రాదు" అంది.

ఆయనా అదే అనుకున్నారు. గుమాస్తా ఇంకో అడుగు ముందుకేసి, మేడమీద పిల్లలు కోర్టు వాదన ప్రాక్టీసు చేసే హాల్లో ఆయన్ని కూర్చోబెట్టాడు. పరీక్ష పేపర్ల కట్ట ముందు పెట్టి, "ఇటు ఎవరూ రారు సార్. ఆవిడ కారెక్కాక నేనే వచ్చి పిలుస్తాను" అని తలుపు చేరేసి పోయాడు. చంటిపిల్లాణ్ణి చుట్టాల ముందుకి రానివ్వకుండా పక్కగదిలో పెట్టినట్టుంది వ్యవహారం. మాష్టారికి అవమానమనిపించలేదు, హాయిగానే అనిపించింది. కానీ పేపర్లు దిద్దడం సాగలేదు. ఒకే జవాబుకి రెండుసార్లు మార్కులు వేసి కొట్టేశారు. కింద కుర్చీలు జరిగిన చప్పుడైనా, మెట్ల మీద చెప్పుల చప్పుడైనా కలం ఆపి తలుపు వైపు చూశారు. గడియారం చూశారు. ఆస్పత్రికి బయల్దేరి ఉంటారు. మళ్ళీ చూశారు. మంచం ఇచ్చారో లేదో, ఒక్కోసారి వరండాలో కూర్చోబెడతారు.

తలుపు తోసుకుని వచ్చింది గుమాస్తా కాదు. నెరిసిన జుట్టు పొట్టిగా కత్తిరించుకున్న ఒకావిడ, భుజాన సంచీ, చేతిలో కళ్ళజోడు.

"మిమ్మల్ని ఇక్కడ దాచారా?" అంది.

మాష్టారు లేచి నిలబడ్డారు. "అవునండీ" అన్నారు. ఏం చేస్తారు, అడిగింది కదా.

ఆవిడ నవ్వి ఎదుటి బెంచీ మీద కూర్చుంది. భోజనాల వేళ కదా అని అందరూ లేచారట, తను హాలు చూసొస్తానని చెప్పి పైకొచ్చిందట. "నాకంటే ముందు వచ్చినవాళ్ళిద్దరూ నాకు తెలుసు. మీరు ఏది అడిగినా చెప్తారని వాళ్ళే చెప్పారు. లైబ్రరీ కురవడం, మూలగది గొడవ, అన్నీ విన్నాను. వాటికి నేను భయపడను. కురిస్తే కప్పు వేయించుకోవచ్చు."

మాష్టారు తలూపారు. ఇంకేం అడక్కు తల్లీ అని మనసులో దణ్ణం పెట్టుకున్నారు.

"మీరూ ఒప్పందాలే కదా చెప్పేది? నేనూ అదే. క్లాసులో గుర్రం ఉదాహరణ చెప్తారా?"

చెప్పని ఏడాది లేదు. జబ్బు గుర్రాన్ని అమ్మేవాడు ఏమీ మాట్లాడకుండా అమ్మేశాడనుకోండి, అది మోసం కాదంటుంది చట్టం. కొనేవాడే చూసుకోవాలి. కానీ కొనేవాడు, "నువ్వు కాదనకపోతే గుర్రం బావున్నట్టే లెక్క" అన్నాక కూడా అమ్మేవాడు నోరు మెదపకపోతే, అప్పుడా మౌనం నోటితో చెప్పిన అబద్ధంతో సమానం. ఇది తెలియని లా విద్యార్థి ఉండడు.

"నాకు అన్నీ ఒక్కొక్కటీ అడిగే టైము లేదు మాష్టారూ. నాకు తెలియాల్సింది ఏదైనా ఎవరూ చెప్పకుండా ఉండిపోయిందేమో నాకు తెలీదు. అక్కడ రాజీనామా ఇస్తే మళ్ళీ తీసుకోరు. మా అమ్మాయి చదువు మధ్యలో మాన్పించి తీసుకురావాలి. అందుకని గుర్రం కొనేవాడిలాగే అడుగుతున్నా. మీరు కాదనకపోతే, అంతా బాగానే ఉందనుకుని వచ్చేస్తాను."

ఇన్ని దారులు మూసి ఆయన్నెవరూ ఎప్పుడూ అడగలేదు. మాష్టారు నోరు తెరిచారు. ముగ్గురు మనుషుల మొహాలు, ఇచ్చిన మాట కళ్ళముందు కదిలాయి. దాన్నైనా దాటి చెప్పేవారేమో. కానీ ఆ వెనకే యంత్రం పక్కన మంచం కనిపించింది, దాని పక్కన ఖాళీ కుర్చీ కనిపించింది. రెండేళ్ళు, అన్నారు వైస్ ఛాన్సలర్. తన భార్య ఇంకో రెండేళ్ళు ఉంటుందా? ఈ ప్రశ్న ఆయన అంతవరకూ మాటల్లో అనుకోలేదు. తెరిచిన నోరు మూసుకున్నారు.

ఆవిడ ఆయన మొహంలోకి చూస్తూ కాసేపు ఆగింది. తర్వాత కళ్ళజోడు సంచీలో పెట్టుకుని, "సరే మాష్టారూ, చాలా థాంక్స్" అని వెళ్ళిపోయింది.

మాష్టారు అక్కడే, తేలు కుట్టిన దొంగలా కూర్చున్నారు. గుమాస్తా వచ్చి కారు వెళ్ళిందన్నాడు. కింద స్టాఫ్ రూములో నవ్వులు వినబడుతున్నాయి. ఆవిడ మాట్లాడిన తీరు అందరికీ నచ్చిందట. సాయంత్రం కాకముందే వైస్ ఛాన్సలర్ ఫోన్ చేశారు. "ఒప్పుకుందండీ! రేపే అక్కడ రాజీనామా ఇచ్చేస్తానంది. జన్మకోసారి మీరు నోరు మూసుకున్నారు, కాలేజీ బాగుపడింది" అని పకపకా నవ్వారు. మాష్టారూ నవ్వబోయారు. ఫోన్ పెట్టేసి ఆస్పత్రికి బయల్దేరారు.

ఆస్పత్రికి వెళ్ళేసరికి మరదలు గుమ్మంలోనే ఉంది. "హమ్మయ్య, వచ్చారా బావగారూ! చిన్నాడికి జ్వరమట, ఫోన్ చేశారు. అక్క బావుంది. ఇంకో గంట పట్టచ్చు" అని చెప్పులేసుకుంటూనే వెళ్ళిపోయింది.

పొడుగాటి గదిలో వరసగా మంచాలు, ఒక్కో మంచానికి ఒక్కో యంత్రం. మాష్టారు భార్య పక్కన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నారు. గొట్టాల వైపు చూడకుండా కిటికీ వైపు చూశారు.

"ఏమైంది? ఆ మొహమేంటి, రానందా?" అంది ఆవిడ.

"వస్తానంది."

"మరింకేం? పండగలా ఉండాలిగానీ, పాడె మోసొచ్చినట్టున్నారేం?"

చెప్పేశారు. గుర్రంతో సహా మొత్తం చెప్పేశారు. ఆవిడ కళ్ళు మూసుకుని విన్నది. "నేను ఊరుకోమన్నది ఎవరికీ కనబడకండని. అంత తేటగా అడిగితే కూడానా?" అంది.

"నీకోసమే."

"వద్దు." గొంతు నీరసంగా ఉన్నా ఆ మాట గట్టిగానే వచ్చింది. "ఆవిడ పిల్లదాన్ని వెంటబెట్టుకుని వస్తుంది. వచ్చాక కాలేజీ లేదని తెలుస్తుంది. అప్పుడు మీరు నా పేరు చెప్పుకుంటారు. నా పేరు మీద ఇంకొకళ్ళ కొంప ముంచకండి, నేను పడలేను. ఫోన్ చెయ్యండి. రేపు పొద్దున ఆవిడ కాగితం ఇచ్చేశాక చేస్తే లాభం లేదు."

గుమాస్తాని అడిగి ఆవిడ నంబరు తీసుకుని, వరండాలో నిలబడి చేశారు. ఒకసారి వేరే నంబరు నొక్కారు. ఆవిడ ఎత్తగానే ఒక్క ఊపిరిలో చెప్పారు. పేర్లు చెప్పలేనన్నారు, మాటిచ్చానన్నారు, కానీ మొదటి ఏడాదికి పిల్లల్ని చేర్చుకోనివ్వకపోవచ్చన్నారు. రైలు చప్పుడు మధ్యలోంచి ఆవిడ గొంతు వినిపించింది.

"మధ్యాహ్నం ఎందుకు చెప్పలేదు మాష్టారూ?"

"నాకు ఈ పని వదిలించుకోవాలనుంది. నా భార్యకి ఒంట్లో బాగాలేదు. మీరొస్తే నేను ఇక్కడ కూర్చోవచ్చనుకున్నాను."

"మీ ఆవిడ సంగతి విని బాధగా ఉంది. ఇప్పటికైనా చెప్పినందుకు సంతోషం" అంది ఆవిడ. "కానీ నేను రాను. మీ వైస్ ఛాన్సలర్‌కి నేనే చెప్తాను."

ఫోన్ పెట్టేశాక మాష్టారికి గుండెలమీంచి బరువు దిగింది. దిగిన బరువు తిన్నగా కాళ్ళ మీద పడింది. లోపలికి నడిచారు.

"రానంది" అన్నారు కూర్చుంటూ. "అయిపోయింది. ఇంక రెండేళ్ళు."

"రెండేళ్ళేంటి?"

"ఇంకెవరూ లేరు కదా. వేరేవాళ్ళు దొరికేదాకా నేనే..."

ఆవిడ తల తిప్పి ఆయన్ని చూసింది. కోపంగా కాదు. కోపమైతే ఆయనకి తేలికయ్యేది.

"ఈ మూడేళ్ళూ ఊళ్ళోవాళ్ళందరికీ నిజాలు చెప్పారు. దారినపోయేవాడు అడిగినా చెప్పారు. నాకు మాత్రం వచ్చే నెల, వచ్చే నెల అన్నారు. నేను మారుమాట అనకుండా నమ్మాను. ఎవరో వస్తేగానీ మీరు ఈ కుర్చీలో కూర్చోలేరని ఎవరన్నారండీ? ఉద్యోగం మానమన్నానా? ఇన్‌చార్జి మానెయ్యచ్చు, పాఠం చెప్పుకుని రావచ్చు. మీరు వద్దంటే వాళ్ళేమైనా ఉరి తీస్తారా?"

మాష్టారు జవాబు కోసం వెతుక్కున్నారు. పెద్దవాళ్ళు అడిగారు, కాదనలేకపోయాను. కాలేజీ ఏమైపోతుందో అని. ఇవన్నీ నోటిదాకా వచ్చాయి, వీటిలో ఏదీ అబద్ధం కాదు. కానీ వీటి కింద ఇంకోటుంది. మొదటిరోజు ఇక్కడ కూర్చున్నప్పుడు, ఎర్రటి గొట్టాల్లో తన భార్య రక్తం మంచం దాటి బయటికి పోవడం చూశారు. కళ్ళు తిరిగాయి. ఆ నిమిషాన కాలేజీనుంచి ఫోన్ వచ్చింది. బయటికొచ్చి ఫోన్ ఎత్తినప్పుడు ఆయనకి ఊరటగా ఉంది. ఆ రోజునుంచీ ఫోన్ మోగిన ప్రతిసారీ ఊరటగానే ఉంది. కుర్చీ తనని పట్టుకుందని మూడేళ్ళుగా అందరితో అంటున్నారు గానీ, పట్టుకుని వేలాడింది తనే.

"నాకు భయం" అన్నారు. "ఇది చూడాలంటే నాకు భయమే. ఫోన్ వస్తే బావుండునని చూస్తాను."

"తెలుసు" అంది ఆవిడ.

"తెలుసా?"

"ముప్ఫై ఏళ్ళ కాపురం. ఫోన్ మోగితే మీ మొహం ఎలా విప్పారుతుందో నాకు తెలీదా? మీరే చెప్తారేమో అని చూశాను."

మాష్టారు అక్కడే, ఆవిడ పక్కనే కూర్చుని, వైస్ ఛాన్సలర్‌కి ఫోన్ చేశారు. రేపటినుంచి ఇన్‌చార్జిగా ఉండనన్నారు. పాఠాలు చెప్తాను, మధ్యాహ్నాలు ఉండను అన్నారు. అటువైపునుంచి వచ్చిన అరుపు పక్క మంచం దాకా వినబడింది. కొత్త డీన్ చేజారిపోయిందన్న కబురు అప్పుడే అందినట్టుంది.

"మీరు చేసిన నిర్వాకానికి మీరే ఉండాలి! ఎవర్ని కూర్చోబెట్టను? చెప్పండి, ఎవర్ని?"

"తెలియదండీ. కానీ పోదామనుకున్నవాళ్ళు ఇంకా పోలేదు. ముందు అందర్నీ పిలిచి మాట్లాడి, ఉన్నవాళ్ళని నిలుపుకోండి. డీన్ తర్వాత."

"తొందరపడకండి. పది నిమిషాల్లో మళ్ళీ చేస్తాను. ఎత్తండి" అని పెట్టేశారాయన.

యంత్రం కూత పెట్టింది. నర్సు వచ్చి మీటలు నొక్కింది, గొట్టాల్లో మిగిలిన రక్తాన్ని తిరిగి పంపింది. మామూలుగా అయితే మాష్టారు ఈపాటికి వరండాలో ఉండేవారు. నర్సు చేతి దగ్గర పట్టీలు ఊడదీస్తూ, "రోజూ వచ్చే ఆవిడ లేదా?" అంది.

"లేదమ్మా. నేనే."

"అయితే ఇలా రండి. సూది తీస్తాను, తియ్యగానే ఈ గుడ్డమడత పెట్టి నొక్కి పట్టుకోవాలి. నేను చెప్పేదాకా వదలకూడదు. వదిలితే రక్తం చిమ్ముతుంది. రెండు చోట్లండీ, రెండు చేతులూ పెట్టండి."

సూదులు బయటికొచ్చాయి. మాష్టారు కళ్ళు మూసుకోబోయి, మూసుకోకుండా నొక్కారు. గుడ్డ మధ్యలో ఎర్రటి చుక్క పెద్దదవుతోంది. వేళ్ళ కింద, చర్మం లోపల రక్తం జుమ్మని పరిగెత్తడం తెలుస్తోంది.

"గట్టిగా నొక్కండి" అంది భార్య. "నేనేం విరిగిపోను."

గట్టిగా నొక్కారు. జేబులో ఫోన్ మోగింది. ఆయన జేబు వైపు చూశారు, ఆవిడ ఆయన వైపు చూసింది. ఫోన్ మోగి మోగి ఆగింది, మళ్ళీ మొదలెట్టింది. మాష్టారి రెండు చేతులూ ఆవిడ చేతి మీదే ఉన్నాయి.